అమ్మ ఆసుపత్రిలో ఉండగా సముద్రం దగ్గర చేపలు తినొచ్చా: ఒక డ్రాయింగ్ మాస్టారి జవాబు

ప్రశ్న: అమ్మకి రేడియేషన్ ఇప్పించడానికి పార్వతీపురం నుంచి వచ్చి విశాఖలో గది తీసుకున్నాం. ఆరు వారాలు, వారానికి ఐదు రోజులు. పొద్దున్న అరగంటలో పనైపోతుంది. ఆ తర్వాత అమ్మ పడుకుంటుంది. సాయంత్రం పిన్ని వచ్చి కూర్చుని, "కాసేపు బయట గాలి పీల్చుకుని రా" అని నన్ను పంపిస్తుంది. చిన్నప్పుడు బొమ్మలు వేసేదాన్ని, పద్యాలూ కవితలూ చదివేదాన్ని. ఇప్పుడు బీచ్‌కి వెళ్ళి వేయించిన చేపముక్కలు కొనుక్కుంటాను. రెండో ముక్క నోట్లో పెట్టుకునేసరికి ఏడుపొస్తుంది, ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. పోనీ వెళ్ళకుండా ఉందామంటే గది గోడలు మీద పడ్డట్టుంటుంది. ఇలాంటి టైంలో ఇవన్నీ ఆస్వాదించవచ్చా?

జవాబు:

అమ్మా, ముందు నేనెవరో చెప్తాను. నా మాట ఎంతవరకు పట్టించుకోవాలో అప్పుడు మీకే తెలుస్తుంది. నేను డాక్టర్ని కాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు హైస్కూళ్ళలో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి. 2014 ఫిబ్రవరి నుంచి 2016 జూన్ దాకా మా ఆవిడకి విశాఖలో డయాలసిస్ చేయించాను. సోమ, బుధ, శుక్రవారాలు, ఒక్కోసారికి నాలుగు గంటలు. లోపల మిషన్ దగ్గర మనల్ని ఎక్కువసేపు ఉండనిచ్చేవారు కాదు. బయట ప్లాస్టిక్ కుర్చీలు, సౌండు లేని టీవీ, ఎవరి ఫైలు వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనుషులు. లెక్క వేస్తే వారానికి పన్నెండు గంటలు నా చేతిలో ఏ పనీ లేని టైం. అందులో సగానికి పైగా సముద్రం దగ్గరే గడిపాను. ఆ అనుభవంతో రాస్తున్నాను.

మీ ప్రశ్నకి సూటి జవాబు: వెళ్ళండి, తినండి. ఏడుపొస్తే ఏడవండి. ముక్క మాత్రం పక్కన పెట్టేయకండి, చల్లారితే బాగోదు.

ఇక వివరంగా. మొదటి మూడు నెలలు నేను తప్పు పద్ధతిలో వెళ్ళాను. "సముద్రం చూస్తే మనసు కుదుటపడుతుంది" అని అందరూ అంటారు కదా, కుదుటపడుతుందేమోనని వెళ్ళేవాణ్ణి. ఆర్కే బీచ్‌లో గట్టు మీద కూర్చుని ఎదురుచూసేవాణ్ణి. ఏమీ జరిగేది కాదు. పైగా కోపం వచ్చేది. ఎందుకో చెప్తాను. మా ఆవిడకి రోజుకి ముప్పావు లీటరు నీళ్ళు మాత్రమే అని లెక్క. అందులోనే కాఫీ, పులుసు, మాత్రలు వేసుకునే గుక్క, అన్నీ. దాహం వేస్తే ఐసు ముక్క చప్పరించేది. ఉప్పు కూడా లెక్కే. అటువంటి మనిషిని లోపల పడుకోబెట్టి వచ్చి నేను చూస్తున్నదేమిటి? కనుచూపు మేరా నీళ్ళు, లీటరుకి ముప్ఫై అయిదు గ్రాముల ఉప్పుతో. వెక్కిరిస్తున్నట్టు ఉండేది. ఇది చెప్తే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజుల్లోనే చేపల సంగతి జరిగింది. మీ ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడే ఉందనుకుంటాను.

ఒక శుక్రవారం ఆకలేసి, బీచ్ రోడ్డులో ఒక బండి దగ్గర నెత్తళ్ళ వేపుడు తిన్నాను. వేడివేడిగా, కారం పట్టించి, కరివేపాకు వేయించి పైన జల్లి, కాగితం పొట్లంలో ఇచ్చాడు. నాలుగు నెలల్లో నేను రుచి తెలిసి తిన్నది అదే మొదటిసారి. తిన్నాక మీలాగే గుండెల్లో కలుక్కుమంది. కుళాయి దగ్గర రెండుసార్లు చెయ్యి కడుక్కున్నాను, సోంపు నమిలాను, వెళ్ళి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. డయాలసిస్ అయ్యాక ఆవిణ్ణి లేపి చెప్పులు తొడుగుతుంటే, నా చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "నెత్తళ్ళా?" అంది. నేను మాట్లాడలేదు. ఆటోలో ఇంటికి వచ్చేదాకా ఆవిడా మాట్లాడలేదు. ఇంటికొచ్చాక అంది: "మీరు తిన్నందుకు నాకేం బాధ లేదండీ. తిని వచ్చి నాకు చెప్పకుండా కడిగేసుకున్నారు చూడండి, అప్పుడే నేను పోయినట్టు అనిపించింది."

అంతే. ఆ రోజు నుంచి లెక్క మారింది. నేను ఏం తిన్నా, ఏం చూసినా తెచ్చి అప్పజెప్పాలి. ఆవిడ అడిగే ప్రశ్నలు మామూలువి కావు. నెత్తళ్ళు తలలు తీసి వేయించాడా, తలలతోనా? నూనె కొత్తదా, నల్లబడిందా? నిమ్మకాయ పిండాడా, ఉల్లిపాయ పెట్టాడా? నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి? పడవలు ఎన్ని? చెప్పలేకపోతే, "మరి రెండు గంటలు ఏం చూశారు?" అని తగులుకునేది. దాంతో నేను చచ్చినట్టు చూడటం మొదలుపెట్టాను. డ్రాయింగ్ మాస్టారిని, ముప్ఫై ఏళ్ళు పిల్లలకి "చూడండిరా, చూసి వేయండిరా" అని చెప్పినవాణ్ణి, నిజంగా చూడటం ఆ అరవయ్యేళ్ళ వయసులో ఆవిడ దగ్గర నేర్చుకున్నాను.

కాబట్టి మీరు దొంగచాటుగా ఆనందపడొద్దు. గదికి తిరిగి వచ్చేటప్పుడు అమ్మకి ఏం తీసుకెళ్ళాలి అన్నదే పెట్టుకోండి. వస్తువులు అక్కర్లేదు, వార్త చాలు. మంచం పట్టిన మనిషికి రోజంతా తన ఒంటి గురించే వార్తలు వస్తుంటాయి: బరువెంత, బీపీ ఎంత, విరోచనం అయిందా. బయట లోకం ఇంకా నడుస్తోందన్న కబురు ఎవరో ఒకరు మోసుకెళ్ళాలి. అయితే మీ అమ్మగారికి ఇప్పుడు నోరు పుండ్లు పడో, వాసన గిట్టకో ఉంటే తిండి కబుర్లు వద్దు, రంగుల కబుర్లు చెప్పండి. ఆవిడ మొహం చూస్తే మీకే తెలుస్తుంది.

బొమ్మల విషయానికి వస్తాను. నాకు తెలిసిన పని ఇదొక్కటే కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువ మాట్లాడతాను.

పెద్ద కాగితాలు, రంగుల డబ్బాలు కొనకండి. పోస్టుకార్డు సైజులో అట్టముక్కలు కోయించుకోండి, ఒక 4బి పెన్సిలు చాలు. మొదట నీటి అంచు గీత వేయాలి. అది అడ్డంగా, తిన్నగా ఉండాలి. దిగులుగా ఉన్నప్పుడు చెయ్యి కుడివైపు కిందికి జారుతుంది, నా పాత కార్డులు చూస్తే అన్నీ అలాగే ఉన్నాయి, సముద్రం ఒక పక్కకి ఒలికిపోతున్నట్టు. గీత వేశాక ఒక్క వస్తువు వేయండి. ఒక తెప్ప, ఒక వల కుప్ప, ఒక కుక్క, మురీ మిక్చర్ బండి. రెండోది వద్దు.

అల బొమ్మ వేయాలంటే చాలామంది అలని చూస్తూ వేయబోతారు. అది కుదరదు, మీరు గీత గీసేలోపు అది పోతుంది. నల్లసముద్రం ఒడ్డున ఫియొడోసియాలో పుట్టి, జీవితమంతా సముద్రాన్నే వేసిన ఐవజోవ్‌స్కీ అనే రష్యన్ చిత్రకారుడు ఉండేవాడు. 1850లో ఆయన వేసిన 'తొమ్మిదో అల' చూసే ఉంటారు: రాత్రంతా తుఫాను, తెల్లారుతోంది, విరిగిన తెరచాప కొయ్యని పట్టుకుని కొందరు మనుషులు, వాళ్ళ మీదికి లేస్తున్న అల, ఆ అల వెనక పసుపు వెలుగు. కదిలేవాటిని చూస్తూ వేయలేమని ఆయన నమ్మకం. చూసి, గుర్తుపెట్టుకుని, గదిలోకి వెళ్ళి వేసేవాడు. మీరూ అదే చేయండి. పది నిమిషాలు ఒకే చోట అలలు విరగడం చూడండి, తర్వాత సముద్రానికి వీపు పెట్టి కూర్చుని వేయండి. ఆ పది నిమిషాలూ మీ బుర్రలో రేడియేషన్ ఉండదు. నేను గ్యారంటీ ఇచ్చే విషయాలు తక్కువ, ఇది ఒకటి.

ఇంకొక బొమ్మ మీ ఫోన్లో చూడండి. పెద్ద అల గోళ్ళు చాపినట్టు లేచి ఉండే జపాన్ బొమ్మ, టీషర్టుల మీద, కాఫీ కప్పుల మీద అంతటా ఉంటుంది. హొకుసాయ్ అనే ఆయన 1831 ప్రాంతంలో చేసిన చెక్క అచ్చు అది. అసలు సైజు లాంగ్ నోట్‌బుక్ తెరిచి పెట్టినంతే. అప్పటికి ఆయనకి డెబ్భై ఏళ్ళు, అంతకు కొద్ది ముందే భార్య పోయింది, మనవడి అప్పులు నెత్తిన పడ్డాయి. ఆ బొమ్మలో అందరూ అలనే చూస్తారు. మీరు కింద పడవలు చూడండి. మూడు ఉంటాయి. తెడ్లు పట్టుకుని, తలలు వంచి, పడవకి అతుక్కుపోయిన మనుషులు వరసగా ఉంటారు. అవి తాజా చేపలని ఇప్పటి టోక్యో, అప్పటి యెడో బజారుకి వేగంగా చేరవేసే పడవలు. అంటే వాళ్ళు వీరులూ కాదు, యాత్రికులూ కాదు, డ్యూటీలో ఉన్నవాళ్ళు. ఆసుపత్రి వరండాలో ఫైళ్ళు పట్టుకుని తలలు వంచుకుని కూర్చున్న మా వరస చూసినప్పుడల్లా నాకు ఆ పడవలే గుర్తొచ్చేవి.

ఇప్పుడు మన విశాఖలోనే ఉచితంగా దొరికే ఒక బొమ్మ సంగతి చెప్తాను. ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనక దిగుతాడు. అందుకని సాయంత్రం బీచ్‌కి వచ్చి "సన్‌సెట్ ఏదీ?" అని వెతుక్కునేవాళ్ళని చూసి నవ్వొస్తుంది. అస్తమయం మీ వీపు వెనక జరుగుతుంది. కానీ లేచి వెళ్ళిపోకండి. సూర్యుడు దిగిన పది పదిహేను నిమిషాలకి, ఆకాశం శుభ్రంగా ఉన్న రోజున, ఎదురుగా నీటి అంచు మీద బూడిద కలిసిన నీలం పట్టీ ఒకటి లేస్తుంది. దాని మీద లేత గులాబి. ఆ పట్టీ మబ్బు కాదు, భూమి నీడ. మనం నిలబడ్డ ఈ నేల నీడే గాలి మీద పడి పైకి లేస్తుంది. కాసేపట్లో గులాబి కరిగిపోతుంది, నీడా రాత్రీ ఒకటైపోతాయి. ఇది మా ఆవిడకి మాటల్లో చెప్పడానికి నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. రెండు కార్డులు వేసి చూపించాను. ఆవిడ చూసి, "ఉల్లిపొర రంగు చీరకి బూడిద అంచు, అంతేగా" అని తేల్చేసింది. అప్పట్నుంచి మా ఇంట్లో సముద్రం రంగులన్నీ చీరల లెక్కే: నెమలికంఠం, పాచి రంగు, మాసిన తెలుపు, వర్షాకాలంలో గోదారి మట్టి పడ్డ పంచె. మీరు రంగుల పేర్ల కోసం తడుముకోకండి, మీ అమ్మగారి బీరువాలో అన్నీ ఉంటాయి.

కవిత్వం. ఇక్కడ నాకు కొన్ని గట్టి అభిప్రాయాలు ఉన్నాయి. వాట్సాప్‌లో అలల బొమ్మ మీద రాసి పంపే స్ఫూర్తి వాక్యాలు చదవకండి. పడినా లేస్తుంది కెరటం అని ఎవరో పంపుతారు. కెరటానికి కీమో చేయించలేదు కదా.

రెండు చోట్ల మాత్రం నాకు సాయం దొరికింది. ఒకటి తమిళ సంగం కవిత్వం. వాళ్ళు నేలని ఐదు రకాలు చేసి, ఒక్కో నేలకి ఒక్కో మనసుని ఇచ్చారు. కొండలకి కలయిక, అడవికి ఓపికగా ఎదురుచూపు, ఇలాగ. సముద్ర తీరానికి 'నెయ్‌దల్' అని పేరు పెట్టి, దానికి దిగులుని ఇచ్చారు. ఎదురుచూసి చూసి బెంగపడటం. వేళ కూడా చెప్పారు, పొద్దుగూకే వేళ. ఇది తెలిసిన రోజు నాకు పెద్ద బరువు దిగింది. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటే సముద్రపు ఒడ్డున సాయంత్రం దిగులుగా ఉంటుందని ఒప్పేసుకున్నారు, నేను మాత్రం ఎందుకు ప్రశాంతంగా ఉండాలి? ఆ కవితల్లో దిగులొక్కటే ఉండదు. ఉప్పుమళ్ళు ఉంటాయి, పొన్నచెట్లు, మొగలిపొదలు, ఇసుకలో పరుగెత్తే పీతలు, ఎండుచేపల కంపు ఉంటాయి. నట్రిణై అనే సంగం కవితల సంకలనంలో ఒక కవితలో ఊళ్ళోంచి రథమెక్కి వచ్చిన పెద్దింటి కుర్రాడితో చెలికత్తె అంటుంది, సారాంశం చెప్తున్నాను: ఈ పిల్ల చేపలు పట్టేవాళ్ళ పిల్ల, మేం సొర ముక్కలు ఎండబెట్టి పక్షుల్ని తోలుకునేవాళ్ళం, మా దగ్గర నీచు కంపు కొడుతుంది, దూరంగా నిలబడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ దెప్పిపొడుపు మా జాలరిపేట ఆడవాళ్ళు నిన్న అన్నట్టే ఉంది. ఇంగ్లీషు అనువాదాలు చాలా ఉన్నాయి, వెతికితే దొరుకుతాయి.

రెండోది మనదే, పోతన భాగవతంలో క్షీరసాగర మథనం. సముద్రాన్ని చిలికితే అమృతం వస్తుందని మనకి గుర్తు. మొదట వచ్చింది విషం. అక్కడ "మ్రింగెడివాడు విభుండని" అనే చిన్న కందం ఉంది, పదో తరగతి దాటిన తెలుగువాళ్ళలో చాలామందికి నోటికి వస్తుంది. మింగేవాడు మొగుడని తెలిసీ, మింగేది విషమని తెలిసీ, లోకానికి మేలని 'మింగు' అందిట సర్వమంగళ, తన మంగళసూత్రాన్ని ఎంత నమ్మిందో అని పోతన ఆశ్చర్యపోతాడు. చిన్నప్పట్నుంచీ ఆ పద్యం శివుడి గురించి అనుకున్నాను. ఆసుపత్రిలో కన్సెంట్ ఫారం మీద సంతకం పెడుతుంటే తెలిసింది, అది పక్కన నిలబడి 'మింగు' అన్న మనిషి గురించి అని. మీరు రోజూ పొద్దున్న అమ్మని టేబుల్ మీద పడుకోబెట్టి బయటికి వచ్చి నిలబడుతున్నారు చూడండి, ఆ చోటు. ఆ పద్యం ఒకసారి గట్టిగా, గాలికి ఎదురుగా చదవండి. బీచ్‌లో ఎవరూ పట్టించుకోరు, అక్కడ అందరూ ఫోన్లో అరుస్తూనే ఉంటారు.

మీరు సొంతంగా రాయాలనుకుంటే కవిత రాయొద్దు, ఇప్పుడే వద్దు. కార్డు వెనక తేదీ, నీటి రంగు, ఆ రోజు చేప, విన్న ఒక మాట రాయండి. నా దగ్గర ఒక కార్డు వెనక ఇలా ఉంది: "బుధవారం. పాచి రంగు. కవళ్ళు. 'పిల్లా, గాలి మారింది, తడక కట్టు'." అంతకన్నా నేను బాగా ఏమీ రాయలేదు.

ఇక తిండి. ముందు ఒక సంగతి. దిగులుగా ఉన్నప్పుడు వంజరం, చందువ లాంటి మెత్తటి, ముళ్ళు తక్కువున్న చేపలు తినకండి. మాటవరసకి చెప్తున్నానని అనుకోవద్దు. వంజరం ముక్క నోట్లో పెట్టుకుంటే దానంతట అదే కరిగిపోతుంది, మీ ఆలోచన మీ దారిన సాగుతుంది. రెండో ముక్కకి ఏడుపు రావడానికి అదీ ఒక కారణమేమో. కవళ్ళు, కానాగంతలు తినండి. ముళ్ళున్న చేప తింటూ మనిషి ఇంకో విషయం గురించి దిగులు పడలేడు. వేళ్ళు, నాలుక, కళ్ళు మూడూ పని చేయాలి. వెన్నుముల్లు ఒక్క లాగులో తీసి, అంచు ముళ్ళు ఏరి, ఒక్కో పొర విప్పుకుని తినేసరికి ఇరవై నిమిషాలు పడుతుంది. పీత అయితే మరీ మంచిది, గంట పడుతుంది. పైగా కవళ్ళు చవక, లాస్ ఆఫ్ పేలో ఉన్నవాళ్ళకి సరిపోతాయి.

బండి దగ్గర తింటే రద్దీ ఉన్న బండి చూసుకోండి, మీ కళ్ళెదుట వేయించినదే తీసుకోండి. పొద్దున్నే వేయించి గాజుపెట్టెలో పేర్చినవి, ఎర్రరంగు దట్టించినవి వద్దు. మీకు కడుపు పాడైతే అమ్మ దగ్గర ఎవరుంటారు? ఆ లెక్కన మీ ఆరోగ్యం ఇప్పుడు మీ ఒక్కరిదే కాదు. గదికి రాగానే చేతులు సబ్బుతో కడిగి, బట్టలు మార్చుకుని దగ్గరికి వెళ్ళండి. అమ్మకి చేప పెట్టాలంటే మాత్రం డాక్టర్ని, డైటీషియన్ని అడిగి, గదిలో బాగా ఉడికించినదే పెట్టండి. బయట వేపుడు ఆవిడకి వద్దు.

ఒక్కరోజైనా తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళండి, పిన్నిని తోడు తీసుకెళ్ళండి. చీకటి ఉండగానే మరపడవలు వచ్చి ఉంటాయి. ట్రేలు దింపుతుంటారు, ఐసు నలుగుతూ చప్పుడు, పాటలు పాడుతుంటారు, అంటే వేలంపాటలు. కాళ్ళ కింద నీళ్ళు, పైన కొంగలూ కాకులూ. నీచు వాసన మొదటి ఐదు నిమిషాలు తల తిప్పేస్తుంది, తర్వాత తెలియదు. ఆసుపత్రి ఫినాయిల్ వాసన ముక్కులోంచి వదిలించే మందు నాకు అదొక్కటే దొరికింది. కొనేటప్పుడు చేప కన్ను చూడండి, ఉబ్బి మెరుస్తూ ఉండాలి, గుంటపడి పాలిపోతే వద్దు. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడిపోవాలి. నేను మొప్ప ఎత్తబోతే అక్కడొక అమ్మ నా చేతి మీద ఒక్కటి వేసి, "చేపని చూస్తున్నావా, నాడి చూస్తున్నావా?" అంది. ఆ మాట ఆ రోజు మా ఆవిడకి చెప్తే మిషన్ అలారం మోగేటట్టు నవ్వింది. నర్సు వచ్చి ఇద్దర్నీ కోప్పడింది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అరవై ఒక్క రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. అప్పుడు హార్బర్ నిశ్శబ్దంగా ఉంటుంది, పడవలన్నీ కట్టేసి వలలు కుట్టుకుంటుంటారు. చేప ధర పెరుగుతుంది, బజార్లో ఐసులో నిలవున్నదీ, చెరువుల్లో పెంచిన వనామి రొయ్యలూ ఎక్కువ కనిపిస్తాయి. ఆ టైంలో వచ్చి "తాజాదేనా?" అని గీచి గీచి అడగడం అనవసరం. కానీ వల కుట్టేవాళ్ళ పక్కన కూర్చుని బొమ్మ వేసుకోవడానికి అంతకన్నా మంచి కాలం లేదు, ఎవరికీ తొందర ఉండదు.

కాళ్ళు లాగి, ఎక్కడికీ నడవలేని రోజులుంటాయి. ఆ రోజు భీమిలి వెళ్ళే 900కె బస్సు ఎక్కండి. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ, వచ్చేటప్పుడు ఎడమవైపు కిటికీ. దిగాల్సిన పని లేదు, టిక్కెట్టు తీసుకుని కూర్చుంటే సముద్రమే మీ పక్కన నడుస్తుంది. ఓపికుంటే భీమిలిలో దిగి గోస్తనీ సముద్రంలో కలిసే చోటు చూడండి, రెండు నీళ్ళ రంగూ వేరుగా తెలుస్తుంది. దారిలో మంగమారిపేట పైన తొట్లకొండ ఉంది, రెండు వేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు. వాళ్ళకి కూడా కూర్చోవడానికి సముద్రం కనిపించే కొండే కావాల్సి వచ్చింది. అయితే అది పైకి ఎక్కాలి, వాహనం ఉంటేనే వెళ్ళండి. బీచ్‌లో ఉన్న కురుసుర సబ్‌మెరైన్ మాత్రం ఇప్పుడు వద్దంటాను. 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరై, ఒడ్డుకి లాగి మ్యూజియం చేసిన ఓడ, మామూలు రోజుల్లో చూడాల్సిందే. కానీ లోపల ఇరుకు, పైపులు, మీటర్లు, కిటికీ ఉండదు. నాకు అచ్చం డయాలసిస్ రూమ్‌లాగే అనిపించి సగంలో బయటపడ్డాను.

నీళ్ళలోకి దిగకండి. మోకాళ్ళ దాకా కూడా వద్దు. మన తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ఉన్నాయి, ఆర్కే బీచ్‌లో, యారాడలో ఏటా మనుషులు పోతున్నారు, వాళ్ళలో ఈతగాళ్ళూ ఉంటారు. నిద్ర లేని మనిషికి కాలు తడబడటం ఎంతసేపు? ఇంకొకటి కూడా అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఒడ్డున నిలబడ్డప్పుడు అలా లోపలికి నడిచి వెళ్ళిపోవాలనిపిస్తే, ఒక్కసారి అనిపించినా సరే, వెనక్కి వచ్చి రోడ్డు మీద జనంలో నిలబడి 14416కి ఫోన్ చేయండి. టెలీమానస్ అని ప్రభుత్వం వాళ్ళది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నా రోజుల్లో ఆ నంబరు లేదు. ఉంటే నేను చేసి ఉండేవాణ్ణి.

హుద్‌హుద్ తుఫాను గురించి అడగలేదు గానీ చెప్పాలనిపిస్తోంది. 2014 అక్టోబరు 12, ఆదివారం. మరుసటి రోజు మా ఆవిడకి డయాలసిస్. ఆ మధ్యాహ్నానికి ఊళ్ళో చెట్టన్నది లేదు, కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఫోన్లు లేవు. బీచ్ రోడ్డు ముక్కలైపోయింది. జనరేటర్ మీద ఒక్కొక్కరికి తక్కువ టైం చేస్తూ, మా వంతు వచ్చేసరికి మంగళవారం రాత్రి అయింది. శుక్రవారం చేసిన మనిషికి. ఆ రెండు రోజులూ కాళ్ళు ఉబ్బి, ఆయాసంతో గోడకి ఆనుకుని కూర్చునే ఉంది. తర్వాత రెండు నెలలు నేను సముద్రం వైపు వెళ్ళలేదు. అంత అసహ్యం పుట్టింది. మళ్ళీ పంపించింది ఆవిడే. "దాని తప్పేముందండీ, దానికి మన సోమవారం సంగతి తెలుసా?" అంది. వెళ్ళాను. కొబ్బరిచెట్లు లేని బీచ్ బోడిగుండులా ఉంది. గీత వేశాను, ఆ రోజు గీత తిన్నగా వచ్చింది. ఎందుకో మరి.

ఇవన్నీ రోజూ పనిచేయవు. వారానికి మూడు రోజుల్లో ఒక రోజు పూర్తిగా వృథా పోయేది. చేప బాగోదు, ఎండ మండిపోతుంది, పక్కన ఎవరో స్పీకర్లో పాటలు పెడతారు, ఏమీ వేయబుద్ధి కాదు. అటువంటి రోజున వెళ్ళి ఆవిడకి "ఇవాళ సముద్రం బాగోలేదు" అని చెప్పేవాణ్ణి. అదీ ఒక వార్తే. "పోనీలెండి, దానికీ ఒంట్లో బాగోలేదేమో" అనేది.

మా ఆవిడ 2016 జూన్‌లో పోయింది. వేట నిషేధం అయిపోయి పడవలు మళ్ళీ వెళ్ళిన వారంలోనే. నూట ఎనభై ఏడు కార్డులు ఒక బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. బొమ్మలుగా చూస్తే అందులో పది కూడా బాగుండవు. వెనక రాసినవి మాత్రం అప్పుడప్పుడు తీసి చదువుకుంటాను. మీది ఆరు వారాల పని. మీ అమ్మగారు నయమై మీతో పార్వతీపురం వెళ్తారని కోరుకుంటున్నాను, అప్పటికి మీ దగ్గర ఓ ముప్ఫై కార్డులైనా ఉంటాయి.

ఒకటి అడగడం మర్చిపోయాను. మీ అమ్మగారికి ఏ చేప ఇష్టమో మీరు రాయలేదు. అది రాస్తే హార్బర్‌లో ఏ వరసలో ఎవరి దగ్గర అడగాలో చెప్తాను. ఆ నాడి మాట అన్న అమ్మ ఇంకా అక్కడే కూర్చుంటోంది.